మోటారు వేడెక్కితే వినకూడని పది సలహాలు

పలాస, కాశీబుగ్గ జీడి యూనిట్లలో పిక్కలు బాయిలరుకు ఎక్కాలన్నా, టెక్కలి వైపు రైసు మిల్లుల్లో ధాన్యం షెల్లరు మీదికి చేరాలన్నా ఎలివేటరే దిక్కు. మనుషులెక్కే లిఫ్టు కాదిది. నిలువు డబ్బాలో బెల్టు, బెల్టు పొడవునా బకెట్లు, అడుగున సరుకు పడే బూటు, పైన బెల్టును తిప్పే పుల్లీ, దానికి రెండో మూడో అయిదో హెచ్.పి. మోటారు. యూనిట్‌లో ఉన్న మోటార్లలో ఇది చిన్నదే. ఇది ఆగితే మాత్రం బాయిలరు, కటింగు, డ్రయ్యరు, తొక్క తీసే బల్లలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అవుతాయి. కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లకు ఆ పూట రాబడి పడిపోతుంది.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో పిక్క రాలేది మార్చి నుంచి మే దాకా. పైన రేకుల షెడ్డు, లోపల సీజను తొందర. మోటారు దగ్గర కాలుతున్న వాసన రాగానే చుట్టూ చేరినవాళ్లు తలో మాట చెబుతారు. చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. ఆ మాటలు వింటే మాత్రం మోటారు కాలిపోతుంది, ఒక్కోసారి మనిషి చెయ్యి పోతుంది, పిక్క తొక్కల్లో నూనె ఉంటుంది కాబట్టి షెడ్డే అంటుకుంటుంది.

మోటారు వేడెక్కడానికి నాలుగే దారులు. మోయలేని లోడు పడుతూ ఉండాలి. లేదా వచ్చే కరెంటులో లోపం ఉండాలి. లేదా పుట్టిన వేడి బయటికి పోకుండా ఉండాలి. లేదా మోటారు లోపలే ఏదో చెడి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏదో తేల్చకుండానే మందు చెప్పే సలహాను వినకండి. ఈ ప్రాంతంలో తరచూ వినిపించే అలాంటి సలహాలు పది కింద ఉన్నాయి. ప్రతిదాని పక్కనా అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో రాశాను.

1. “సెయ్యి పెట్టి సూడు, తెలిసిపోద్ది”

తెలియదు. లోహం 60 డిగ్రీలు దాటితే అరచెయ్యి కొన్ని సెకన్లకు మించి ఓర్చుకోలేదు. నిక్షేపంగా పనిచేసే మోటారు ఒళ్లు కూడా పూర్తి లోడులో 70, 80 డిగ్రీలు ఉండొచ్చు. అంటే మంచి మోటారుకూ చావుకు దగ్గరపడ్డ మోటారుకూ చెయ్యి ఇచ్చే సమాధానం ఒక్కటే: “కాలుతోంది”. ఆ మాట విని బాగున్న మోటారును విప్పేసేవాళ్లున్నారు. “ఎప్పుడూ ఇంతే వేడిగా ఉంటుంది” అని చావబోయేదాన్ని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

నేమ్‌ప్లేటు చదవండి. దాని మీద ఇన్సులేషన్ తరగతి ఉంటుంది. బి తరగతికి వైండింగు హద్దు 130 డిగ్రీలు, ఎఫ్‌కు 155, హెచ్‌కు 180. ఆ హద్దు మీద ప్రతి 10 డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మోటార్ల రంగంలో అందరూ పాటించే లెక్క. ఈ హద్దులన్నీ చుట్టూ గాలి 40 డిగ్రీలకు మించదన్న ఊహ మీద కట్టినవి. మే నెలలో మధ్యాహ్నం రేకుల కింద, బాయిలరు పక్కన గాలి 40 దగ్గర ఆగదు. అందుకని మన మోటార్లకు మొదటినుంచే వెసులుబాటు తక్కువ.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, తీగ చుట్టూ వేసి ఆంపియర్లు కొలిచే టాంగ్ టెస్టరు కొనండి. రెండూ కలిపినా ఒక వైండింగు ఖర్చు కాదు. థర్మామీటరును రంగు వేసిన ఒంటి మీదికే గురిపెట్టండి. మెరిసే ఇనుము మీద అది తక్కువ చూపిస్తుంది.

2. “ఏటవుతాది, రిలే కాస్త పెంచీ”

పది సలహాల్లో ఎక్కువ మోటార్లను చంపేది ఇదే. ఓవర్‌లోడ్ రిలే పడిపోతోందంటే మోటారు తన హద్దు మించి ఆంపియర్లు తీసుకుంటోందని అర్థం. ముల్లు తిప్పి రిలేను పైకి పెడితే ఆంపియర్లు తగ్గవు, వాటిని ఆపే దిక్కు లేకుండా పోతుంది. రిలేకు అడ్డంగా వైరు ముక్క వేసి కలిపేయడం, ఫ్యూజులో ఒక పోగుకు బదులు నాలుగు పోగులు మెలివేయడం కూడా ఇదే పని.

నేరుగా స్టార్ట్ అయ్యే మోటారుకు రిలేను నేమ్‌ప్లేటు ఆంపియర్ల దగ్గరే పెట్టాలి. స్టార్–డెల్టా స్టార్టరులో రిలే సాధారణంగా వైండింగు దారిలో ఉంటుంది కాబట్టి ఆ అంకెను 0.58తో గుణించి పెట్టాలి. పది హెచ్.పి. మోటారు సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రిలే ముల్లు 8 దగ్గర ఉండాలి. చాలా పెట్టెల్లో అది 14 దగ్గరే కనిపిస్తుంది. అలా పెడితే మోటారు 24 ఆంపియర్లు లాగుతున్నా రిలే కదలదు. ఈ రోజే మీ స్టార్టరు పెట్టె తెరిపించి ఈ ఒక్క అంకె చూడండి.

3. “మోటారు సరిపోవట్లేదు, పెద్దది పెట్టు”

వినడానికి న్యాయంగా ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. గంటకు 5 టన్నుల పిక్కలను 10 మీటర్ల ఎత్తుకు ఎత్తాలి. 5000 కిలోలను 9.81తో, 10 మీటర్లతో గుణించి, గంటలో ఉన్న 3600 సెకన్లతో భాగిస్తే 136 వాట్లు వస్తుంది. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. అంటే పిక్కలను ఎత్తడానికి పట్టే బలం ఒక హెచ్.పి.లో అయిదో వంతు కూడా కాదు. బూటులో బకెట్లు సరుకును తవ్వుకోవడానికి, బేరింగుల రాపిడికి, బెల్టుల నష్టానికి కలిపి ఎన్ని రెట్లు వేసుకున్నా రెండు హెచ్.పి. మోటారు హాయిగా లాగాలి.

అది లాగలేకపోతోందంటే దాన్ని అలసిపోయేలా చేసేది పిక్కలు కావు. లోపల ఎక్కడో ఏదో రాసుకుంటోంది. బెల్టు పక్కకు జరిగి డబ్బా గోడను రాస్తూ ఉండొచ్చు. బెల్టు సాగి బకెట్లు బూటు అడుగును గీస్తూ ఉండొచ్చు. పిక్కలతో వచ్చిన ఇసుక, రాళ్లు బూటులో గడ్డకట్టి ఉండొచ్చు. గేటు మరీ తెరిచి బూటును పూడ్చేస్తూ ఉండొచ్చు. రైసు మిల్లులో అయితే తడి ధాన్యం బకెట్లకు అంటుకుని దిగకుండా తిరిగి వస్తూ ఉండొచ్చు. పెద్ద మోటారు పెడితే ఆ రాపిడి పోదు. ఇన్నాళ్లూ మోటారు మీద పడిన దెబ్బ ఇప్పుడు బెల్టు మీద, బకెట్ల బోల్టుల మీద, గేర్‌బాక్సు మీద పడుతుంది. రాపిడి దగ్గర పుట్టే వేడి పొడి దుమ్ము మధ్యే ఉంటుందన్నది మరిచిపోవద్దు.

దీనికి మూడు కొలతలు చాలు. మొదట బెల్టులు విప్పి మోటారును ఒక్కదాన్నే తిప్పి ఆంపియర్లు రాయండి. ఈ సైజు మోటార్లకు అది నేమ్‌ప్లేటు అంకెలో సుమారు సగం దగ్గర ఉండాలి. తర్వాత బెల్టులు వేసి ఖాళీ ఎలివేటరుతో రాయండి. చివరగా సరుకుతో రాయండి. మొదటి కొలతే ఎక్కువుంటే తప్పు మోటారుదో కరెంటుదో. మొదటిది బాగుండి రెండోది బాగా పెరిగితే ఎలివేటరులో రాపిడి. రెండూ బాగుండి మూడోది ఎగబాకితే సరుకు పోసే తీరు మార్చాలి. అరగంట పని ఇది. కొత్త మోటారు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు దీన్ని మించిన జవాబు లేదు.

4. “కెపాసిటర్ పెడితే ఆంప్స్ తగ్గుతాయి, మోటారు సల్లబడతాది”

సగం నిజం కాబట్టి ఈ సలహాను చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. కెపాసిటర్ పెట్టాక మెయిన్ దగ్గర టాంగ్ టెస్టరు వేస్తే ఆంపియర్లు నిజంగానే తగ్గుతాయి. బిల్లులో పవర్ ఫ్యాక్టరు బాగుపడుతుంది. మోటారు వైండింగులో పారే కరెంటు మాత్రం ఒక్క చుక్క తగ్గదు. మోటారుకు కావలసిన రియాక్టివ్ కరెంటును ఇంతకుముందు లైను ఇచ్చేది, ఇప్పుడు పక్కనున్న కెపాసిటర్ ఇస్తోంది, అంతే తేడా. వేడి అలాగే ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. కెపాసిటర్‌ను రిలే తర్వాత, మోటారు టెర్మినళ్ల దగ్గర కలిపితే రిలే గుండా పారే కరెంటు తగ్గిపోతుంది. మోటారు హద్దు దాటినా రిలేకు కనిపించదు. అలా కలిపిన చోట రిలే అంకెను కూడా తగ్గించి తీరాలి. కెపాసిటర్ మంచిదే, దాని పని వేరు. వేడికి మందుగా దాన్ని పెట్టకండి. మోటారు వేడిని చూడాలంటే మోటారుకు వెళ్లే వైర్ల మీదే, కెపాసిటర్ కలిసే చోటు దాటాక, కొలవండి.

5. “తడి గోనె కప్పు, లేకపోతే కాసిన్ని నీళ్లు సల్లు”

ఈ మోటార్లు తమ ఒంటి మీది రెక్కల గుండా వేడి వదులుతాయి. వెనకనున్న ఫ్యాను ఆ రెక్కల మీదికి గాలి తోస్తుంది. గోనె కప్పితే ఆ దారి మూసినట్టే. నీళ్లు టెర్మినల్ పెట్టెలోకి దిగితే మోటారు ఒళ్లంతా కరెంటు వచ్చి ముట్టుకున్నవాడి ప్రాణం మీదికి తెస్తుంది.

మన దగ్గర గాలి ఆగిపోవడానికి వేరే కారణముంది. జీడితొక్క దుమ్ముకు తొక్కలోని నూనె కలిసి రెక్కల మధ్య నల్లటి పొరలా పేరుకుంటుంది. గాలి పట్టి ఊదితే రాదు, గీకి తీయాలి. మెయిన్ తీసి, ఫ్యాను మూత విప్పి, వారానికోసారి రెక్కలు శుభ్రం చేయించండి. విరిగిన ఫ్యాను ఆకులు, నొక్కుకుపోయిన మూత మార్పించండి. మోటారు వెనక బస్తాలు పేర్చకండి. స్పీడు తగ్గించే డ్రైవు పెట్టుకున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. మోటారు నెమ్మదిగా తిరిగితే దాని ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, గాలి తగ్గిపోతుంది. చాలా తక్కువ స్పీడులో గంటలకొద్దీ నడపాల్సి వస్తే ఆ మోటారుకు వేరే కరెంటుతో తిరిగే ఫ్యాను పెట్టించాలి.

6. “గ్రీజు నిండా కొట్టు, బెల్టు బాగా బిగించు”

బేరింగులో గ్రీజు ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. నిండా కూరితే బాళ్లు ఆ గ్రీజును చిలుకుతూ తామే వేడెక్కుతాయి, గ్రీజు కరిగి సీలు దాటి వైండింగు మీద పడుతుంది. చిన్న మోటార్లలో చాలావాటికి రెండు వైపులా మూసిన బేరింగులే వస్తాయి, వాటికి గ్రీజు అక్కర్లేదు. ఉన్న గ్రీజు మీద వేరే రకం కలపడమూ మంచిది కాదు.

వి–బెల్టును తీగలా బిగిస్తే ఆ లాగుడంతా మోటారు ముందు బేరింగు మీద పడుతుంది. మరీ వదిలేస్తే బెల్టు జారి పుల్లీ కాలుతుంది. వేడి మోటారు నడుం దగ్గర కాకుండా ముందు మూత దగ్గర ఎక్కువుంటే తప్పు బేరింగుదో బెల్టుదో అని గుర్తు.

7. “ఒక ఫేజు లేకపోయినా తిరుగుతోంది కదా, తిరగనీ”

మన లైన్లకు ఈ సమస్య కొత్త కాదు. కొబ్బరి మట్ట తీగల మీద పడినా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయినా, ఉప్పుగాలికి జంపరు తుప్పుపట్టినా ఒక ఫేజు పోతుంది. తిరుగుతున్న మోటారు రెండు ఫేజుల మీద కూడా తిరుగుతూనే ఉంటుంది. దాని లోపల ఏం జరుగుతుందో చూడండి. అయిదు హెచ్.పి. మోటారు 5 ఆంపియర్ల మీద నడుస్తోందనుకుందాం. ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగల్లో కరెంటు 1.73 రెట్లై 8.7 దగ్గరికి వెళుతుంది. డెల్టా కలయికలో ఉన్న మూడు వైండింగుల్లో ఒక దానిలో మాత్రం మునుపటికన్నా రెండింతలు పారుతుంది. రిలే నింపాదిగా ఆలోచించి పడేలోపు ఆ ఒక్క వైండింగు మాడిపోతుంది.

కాలిన మోటారును విప్పినప్పుడు ఈ సంగతి కళ్లకు కనబడుతుంది. డెల్టాలో మూడు గుంపుల కాయిళ్లలో ఒకటే నల్లబడి మిగిలిన రెండూ మెరుస్తున్నా, స్టారులో రెండు నల్లబడి ఒకటి మెరుస్తున్నా ఒక ఫేజు పోయిందనే సాక్ష్యం. అన్నీ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైందో, గాలి ఆగిందో. వైండింగు షాపులో మోటారు విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడండి. లేకపోతే కొత్త కాయిల్ కూడా అదే కారణంతో పోతుంది.

ఫేజు పూర్తిగా పోకపోయినా ముప్పు ఉంది. మూడు ఫేజుల మధ్య 415, 405, 380 వోల్టులు వస్తున్నాయనుకోండి. సగటు 400. సగటుకు అన్నిటికన్నా దూరంగా ఉన్నది 20 వోల్టులు, అంటే 5 శాతం తేడా. ఆ శాతాన్ని దానితోనే గుణించి రెట్టింపు చేస్తే వేడి ఎంత శాతం పెరుగుతుందో సుమారుగా వస్తుంది. ఇక్కడ 50 శాతం. తేడా 5 శాతం దాటితే మోటారును నడపనే కూడదు.

“రెండు తీగలు మార్చి కలిపితే సరిపోద్ది” అని చెప్పేవాళ్లుంటారు. రెండు మారిస్తే ఎలివేటరు వెనక్కి తిరుగుతుంది. మూడు తీగలనూ ఒక్కో స్థానం జరిపితే తిరిగే దిక్కు మారదు, అసలు నిజం మాత్రం బయటపడుతుంది. ఎక్కువ ఆంపియర్లు మునుపటి లైనులోనే ఉండిపోతే తప్పు కరెంటుది, లైన్‌మన్‌ను పిలవండి. మోటారు తీగతో పాటు జరిగిపోతే తప్పు మోటారుది. ఫేజు పోగానే ఆపే ప్రివెంటరు లేని స్టార్టరును ఇక నమ్మకండి.

8. “బూటు నిండిపోతే ఆగొద్దు, స్టార్టరు నొక్కుతూ ఉండు”

స్టార్ట్ అయ్యే క్షణంలో మోటారు తన మామూలు ఆంపియర్లకు ఆరేడు రెట్లు లాగుతుంది. తిరగడం మొదలైతే అది తగ్గుతుంది. బూటు పూడిపోయి తిరగలేకపోతే తగ్గదు. వెంటవెంటనే నాలుగైదు సార్లు నొక్కితే రోజంతా నడిచినా రాని వేడి కొన్ని నిమిషాల్లో పుడుతుంది. లో వోల్టేజీలో ఇంకా కష్టం. వోల్టేజీ 10 శాతం పడితే లాగే బలం 19 శాతం పడుతుంది. స్టార్–డెల్టాలో మొదట దక్కేది మూడో వంతు బలమే, నిండిన ఎలివేటరును అది కదపలేదు.

కరెంటు పోయినప్పుడు సరుకు గేటు వెంటనే మూయడం నేర్పించండి. బూటు తలుపు తీసి ఖాళీ చేశాకే మళ్లీ స్టార్ట్ చేయండి.

ఆ ఖాళీ చేసే పనిలోనే చేతులు పోతాయి. మెయిన్ తీసి, ఫ్యూజులు విప్పి జేబులో వేసుకున్నాకే తలుపు తియ్యాలి. కరెంటు లేకపోయినా ఒక పక్క బకెట్లు నిండి ఉంటే బరువుకు బెల్టు వెనక్కి జారుతుంది, కాబట్టి బెల్టును కట్టేసి కర్రతో గీకాలి, చేత్తో కాదు. తిరుగుతున్న యంత్ర భాగాలను ఆడవాళ్లతో, పిల్లలతో శుభ్రం చేయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చీర కొంగు, జడ బెల్టుకు ఎంత దగ్గరగా ఉంటాయో యూనిట్‌లో ఒకసారి నిలబడి చూస్తే ఆ నియమం ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

9. “తడిసిందా? ఆన్ సెయ్యి, తిరిగితే అదే ఆరిపోద్ది”

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో చెట్లతో పాటు వేలాది కరెంటు స్తంభాలు కూలాయి. అలాంటి తుపాను తర్వాత రోజులకొద్దీ ఎదురుచూసిన కరెంటు వచ్చిన నిమిషంలో అందరి చెయ్యీ స్విచ్చు మీదికే వెళుతుంది. వానకు తడిసిన వైండింగు ఆ నిమిషంలోనే షార్టవుతుంది. తుపానుకు బతికిన మోటారు మన తొందరకు పోతుంది.

తడిసిన మోటారును విప్పండి. సముద్రపు నీరు, ఉప్పు జల్లు తగిలితే ముందు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే లోపల మిగిలిన ఉప్పు మళ్లీ తేమను పీలుస్తుంది. తర్వాత బల్బుల వేడితోనో ఓవెన్‌లోనో 90 డిగ్రీలు దాటకుండా నిదానంగా ఆరబెట్టాలి. వైర్లు విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగు ఇన్సులేషన్ కొలవాలి. కనీసం 5 మెగోమ్‌లు చూపించాలి. బేరింగులు కొత్తవి వేయాలి. మొదట బెల్టు లేకుండా తిప్పి చూడాలి. తుపాను రాకపోయినా, సీజను అయ్యాక నెలలకొద్దీ మూలనున్న మోటారుకు తీర ప్రాంతపు తేమ చాలు. మార్చిలో మొదటిసారి ఆన్ చేసేముందు మెగ్గర్ వేయండి.

10. “కాలితే కాలింది, సవగ్గా కట్టించీ”

చౌకగా కట్టిన మోటారు జీవితాంతం వేడిగానే తిరుగుతుంది. పాత కాయిళ్లు తేలిగ్గా ఊడాలని స్టేటరును మంటలో వేస్తే ఇనుప రేకుల మధ్య పూత మాడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి రాగి చుట్టినా ఇనుమే వేడిని పుట్టిస్తుంది. సన్నటి తీగ, తగ్గించిన చుట్లు, తక్కువ తరగతి వార్నిష్ కలిస్తే నేమ్‌ప్లేటు మీది అంకెలు ఇక అబద్ధాలే.

వైండింగు చేసేవారిని నాలుగు అడగండి: పాత గేజు తీగే వేశారా, చుట్లు అన్నే ఉన్నాయా, ఏ తరగతి ఇన్సులేషన్ వాడారు, లోడు లేకుండా మూడు ఫేజుల్లో ఆంపియర్లెంత? జవాబులు కాగితం మీద రాయించుకోండి. మంచి పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. అతను అడిగిన నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి అతన్ని నిలబెట్టుకోవడం ఊరందరికీ మేలు.

యజమానులకు ఒక మాట

ఈ పది సలహాలూ ఒకే చోట పుడుతున్నాయి. ఎలివేటరు ఆపితే ఎవరి మీద పడుతుందోనన్న భయం దగ్గర. బయట లారీ ఉంది, బాయిలరులో పిక్క ఉంది, ఫిట్టరుకు వాసన తెలుస్తూనే ఉంది, అయినా “ఎందుకాపావు” అన్న ప్రశ్నకు వెరచి అతను రిలే ముల్లు తిప్పుతాడు. కాబట్టి మొదటి మరమ్మతు మోటారుకు కాదు, ఆ భయానికి. వేడి హద్దు దాటినా, ఆంపియర్లు నేమ్‌ప్లేటు దాటినా ఎవర్నీ అడగకుండా ఆపే హక్కు నీదని మీ ఫిట్టరుకు అందరి ముందూ చెప్పండి. ఆపినందుకు ఒక్క మాట అనకండి. ఆగిన గంటకు తొక్క తీసేవాళ్ల కూలి కోయకండి. యంత్రాన్ని కాపాడే ఖర్చు వాళ్ల మీద వేస్తే రేపు వాళ్లే “ఆపొద్దు” అంటారు.

స్టార్టరు పక్కన ఒక పుస్తకం వేలాడదీయండి. రోజుకు ఒకసారి తేదీ, మూడు ఫేజుల వోల్టులు, మూడు తీగల ఆంపియర్లు, మోటారు ఒంటి వేడి రాయించండి. నెల తిరిగేసరికి మీ మోటారుకు ఏది మామూలో మీకు తెలుస్తుంది. అది తెలిస్తే పిక్క సీజను మధ్యలో మోటారు కాలే దాకా ఆగక్కర్లేదు. ఆంపియర్లు మెల్లగా పెరగడం మొదలైన వారంలోనే, తీరిక ఉన్న పూట చూసుకుని, బూటు శుభ్రం చేసి బెల్టు సరిచేసుకోవచ్చు.